సంఘ సంవత్సరము: మన దినములు ఎవరివి?

పాఠములు: నిర్గమకాండము 12:1–28; లూకా 9:51; గలతీయులకు 4:8–11



నిర్గమకాండము 12వ అధ్యాయము మనకు బాగుగా తెలిసినదే. గొఱ్ఱెపిల్ల, ద్వారబంధముల మీది రక్తము, ఆ రాత్రి ఐగుప్తులో పుట్టిన ఏడ్పు, ఇవన్నియు ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు. అయితే ఆ అధ్యాయము గొఱ్ఱెపిల్లతో ఆరంభము కాలేదు, నెలతో ఆరంభమైనది. ఈ నెల మీకు నెలలలో మొదటిది కావలెనని దేవుడు మోషే అహరోనులకు సెలవిచ్చిన మాట రెండవ వచనములోనే ఉన్నది. అప్పటికి ఆ జనులు ఎఱ్ఱసముద్రము దాటలేదు. సీనాయి కొండను చూడలేదు. పది ఆజ్ఞలు వారి చేతికి రాలేదు. ఇటుకలు చేసి చేసి కాయలు కాచిన చేతులతో ఇంకను ఐగుప్తులోనే ఉన్నారు. అట్టివారికి దేవుడు మొదట ఇచ్చినది ఒక పంచాంగము.

బానిసకు తనదని చెప్పుకొనదగిన దినము ఒక్కటియు లేదు. పని ఎప్పుడు మొదలగునో, ఎప్పుడు ముగియునో, ఏది పండుగయో, ఏది పస్తో, అంతయు యజమానుని నోట నున్నది. దేవునికి బలి అర్పించుటకు మూడు దినముల ప్రయాణము పోనిమ్మని మోషే అడిగినప్పుడు ఫరోకు కోపము వచ్చినది ఇందుచేతనే (నిర్గమ 5వ అధ్యాయము). వీరు సోమరులు గనుక పండుగ మాట ఎత్తుచున్నారని అతడు తలంచి పని ఇంకను బరువు చేసెను. కాబట్టి దేవుడు తన జనులను విడిపింపబోవుచు ముందుగా వారి కాలమును విడిపించెను. సంఘ సంవత్సరమును గూర్చి ఆలోచించునప్పుడు మనము ఇక్కడనుండి బయలుదేరుట మంచిది. అది వట్టి ఆచారమా, మిషనరీలు వదలిపోయిన అలవాటా అను ప్రశ్నలు తరువాత చూచుకొనవచ్చును. మన దినములు ఎవరివి అనునది మొదటి ప్రశ్న.

ఇది మనకు పరాయి కథ కాదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు మెట్ట గ్రామములలో మన తాతముత్తాతలు అనేకులు ఏడాది జీతమునకు కుదిరిన పాలేరులు, లేదా ఏ పూటకు ఆ పూట కూలికి పోవువారు. (2022లో మన ప్రాంతము కృష్ణా జిల్లానుండి వేరుపడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను మెట్ట మెట్టగానే ఉన్నది.) పాలేరుకు సంవత్సరమనగా ఆసామి సంవత్సరమే. ఏరువాక, కలుపు, కోత, నూర్పిడి, వీటి మధ్య పశువుల చాకిరి. అట్టివాడు బాప్తిస్మము పొంది, ఆదివారము గుడికి పోవలెను, సెలవిమ్మని అడుగుట చిన్న మాట కాదు. ఏడు దినములలో ఒకటి నాది కాదు, మీది కాదు, ప్రభువుది అని యజమానుని ఎదుట నిలిచి చెప్పుటయే అది. ఆ ఒక్క దినము వెంబడి క్రిస్మసు, శుభ శుక్రవారము, ఈస్టరు, కోత పండుగ ఒక్కొక్కటిగా ఆ యింట ప్రవేశించెను. గోడకు తగిలించుటకు కేలండరు లేని గుడిసెలో, ప్రభువు జీవితమే కేలండరు అయ్యెను.

మన మెట్ట సంఘముల చరిత్రలోని ఒక ముఖ్య సంగతి కూడ పండుగ దినముననే జరిగినది. చర్చి మిషనరీ సొసైటీవారు 1841లో మచిలీపట్నమున పని ప్రారంభించిరి. తరువాత బెజవాడలో డార్లింగ్ గారను మిషనరీ కాపురముండి సువార్త ప్రకటించుచు వచ్చిరి. నందిగామ ప్రాంతమందలి రాఘవాపురములో పాగోలు వెంకయ్యగారు అను మాల కుటుంబీకుడు, విగ్రహములు దేవుడు కావనియు దేవుడు ఒక్కడే అనియు విని, పేరు కూడ తెలియని ఆ దేవునికి తనకు తోచిన మాటలతో ప్రార్థించుచుండిరి. 1859లో మహాశివరాత్రికి ఆయన బెజవాడ వెళ్లి, కృష్ణలో స్నానమాడ వచ్చిన జనులలో నిలిచి, సత్య దేవుని గూర్చి ఒక బ్రాహ్మణుని అడిగిరి. ఆ బ్రాహ్మణుడు ఆయనను డార్లింగ్ గారి బంగళాకు పొమ్మనెను. అటుపిమ్మట జరిగినది మన సంఘములే సాక్ష్యము.

ఆ సంవత్సరము ఈస్టరు ఏప్రిల్ 24న వచ్చెను. అందుచేత భస్మ బుధవారము మార్చి 9. శివరాత్రి దానికి కొలది దినముల ముందే. మనవారు గమనింపరు గాని, ఈస్టరు కూడ చంద్రుని బట్టి వచ్చు పండుగయే. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చు పూర్ణిమ పోయిన పిమ్మటి ఆదివారము అని సంఘము లెక్క కట్టినది. క్రీ. శ. 325లో నీకయ సభ అందరును ఒకే ఆదివారమున దానిని ఆచరింపవలెనని నిర్ణయించెను. కావున భస్మ బుధవారము అనేక సంవత్సరములలో శివరాత్రికి దగ్గరగానే వచ్చుచుండును. మన పొరుగువారు ఉపవాసముండి జాగరము చేయు ఆ వారములోనే మన నలువది దినములును ఆరంభమగుట తరచు జరుగును. వెంకయ్యగారు అడిగిన ప్రశ్నను పండుగకు వచ్చిన పొరుగువాడు నేడు మన పేటలో అడిగినయెడల, మనలో ఎందరము దారి చూపగలము? మనకు ఆ వారము ఏమి వారమో మనకే తెలియనియెడల ఏమి చెప్పుదుము?

నేడు మన గ్రామ సంఘములలో సంవత్సరము ఎట్లు నడచుచున్నదో దాపరికము లేకుండ చెప్పుకొందము. క్రిస్మసు, శుభ శుక్రవారము, ఈస్టరు, ఈ మూడు దినములు గుడి నిండును. తక్కినవి అచ్చు పుస్తకములో ఉండిపోవును. క్రిస్మసు కూడ ఇప్పుడు డిసెంబరు 25కు ఆగుట లేదు. నెల మొదటి వారమునుండియే సెమీ క్రిస్మసులు. ఒక దినము యువజనులది, ఒక దినము స్త్రీల సమాజముది, ఒక దినము పాఠశాలది, ఒక దినము ఎన్నికలలో నిలుచు నాయకులు కేకు కోయుటకు ఏర్పాటైనది. ఉత్సాహమును నేను నిందించుట లేదు. అయితే ఆగమనకాలపు నాలుగు ఆదివారములు ఎక్కడికి పోయినవి? ఆ వారములలో సంఘము చదువవలసిన పాఠములు పశువుల తొట్టిని గూర్చి కాక, ప్రభువు రెండవ రాకడను గూర్చియు, తీర్పును గూర్చియు, యోహాను అరణ్యములో వేసిన కేకను గూర్చియు మొదలగును. కనిపెట్టుట నేర్పు వారములవి. పది కేకులు తిని వచ్చిన పిల్లవానికి 25వ తేదీ ఉదయమున కొత్తగా చెప్పుటకు మన యొద్ద ఏమి మిగులును? వానగండము తీరక, పత్తి తీత ముగియక, అప్పు ఎప్పుడు తీరునోయని ఎదురు చూచు ఇంటివారికి, ఎదురు చూచుటయే ఆరాధనగా మార్చు కాలము దేవుడు ఇచ్చియుండగా, దానిని మనమే తినివేయుచున్నాము.

ఇంతకంటె విచారకరమైనది ప్రత్యక్షతా పండుగ సంగతి. జనవరి 6. తూర్పు దేశపు జ్ఞానులు వచ్చి శిశువును పూజించిన దినము. సంక్రాంతి సందడి ముందర అది ఎవరికిని జ్ఞాపకముండదు. అయితే ఆలోచించి చూడుడి. క్రిస్మసు రాత్రి వచ్చిన గొల్లలు యూదులు. జ్ఞానులు అన్యజనులు. ప్రభువు గడపలో అడుగు పెట్టిన మొదటి అన్యులు వారు. కాబట్టి లెక్క ప్రకారము అది మన పండుగ. ఈ మాట మన పెద్దలకు బాగుగా తెలియును. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన వేదనాయగము శామ్యూల్ అజరయ్యగారు, దోర్నకల్‌లో కట్టించిన పెద్ద దేవాలయమునకు ప్రత్యక్షతా దేవాలయమను పేరే పెట్టి, 1939 జనవరి 6న ఆ పండుగ దినముననే దానిని ప్రతిష్ఠించిరి. అంటరానివారని ఊరి వెలుపల ఉంచబడిన జనులు, తమ పొలము పంటలనుండియు పిడికెడు బియ్యమునుండియు అర్పించుచు, అన్యజనుల పండుగ పేరు గల ఆలయములో ప్రవేశించిరి. కృష్ణా ప్రాంతపు సి.యం.యస్. సంఘములు అప్పటికి ఆ అధ్యక్ష ఖండములోనివే. అంతటి సంగతిని ఒక దేవాలయపు పేరుగా నిలిపిన పండుగకు, నేడు మన గ్రామములో దీపము వెలిగించువారు లేరు.

ఇక లెంటు దినములు. ఇక్కడ కొంచెము నిలిచి మాటలాడవలెను. ఎందుకనగా మన ప్రాంతములో అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది.

భస్మ బుధవారము మొదలు ఈస్టరు ముందటి శనివారము వరకు 46 దినములు. అందులో ఆరు ఆదివారములు తీసివేయగా నలువది. ఈ దినములు సరిగా మిరప కోతల దినములు. జనవరిలో మొదలైన కోత ఏప్రిల్ వరకు విడతలు విడతలుగా సాగును. తెల్లవారక ముందే ఆటోలు వచ్చి పేట వీధి మొగలో నిలుచును. స్త్రీలు సద్ది మూట కట్టుకొని, తలకు గుడ్డ చుట్టుకొని, పది పన్నెండు మంది ఒక్క ఆటోలో ఎక్కి పోదురు. సాయంకాలము వచ్చునప్పటికి చేతులు మండుచుండును. కంటి చెమ్మ తుడుచుకొనినను మంటయే. కొన్ని కుటుంబములు ఇంటికి తాళము వేసి, వారముల తరబడి దూరపు ఊళ్లలో చేలగట్ల మీదనే ఉండును. ఇట్టివారికి శుక్రవారము సాయంకాలము ఐదు గంటలకు శ్రమకాల ఆరాధన అని మనము ప్రకటన చేయుచున్నాము. పట్టణములో ఉద్యోగస్థులున్న సంఘమునకు ఆ వేళ కుదురును. పేటకు కుదరదు.

నా తప్పు ఒకటి చెప్పవలెను. నేను సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో ఒక పేటలో శుక్రవారపు ఆరాధనకు వెళ్లితిని. నలుగురు ముసలమ్మలు, ఇద్దరు పసిపిల్లలు తప్ప ఎవరును లేరు. నాకు కోపము వచ్చినది. ప్రభువు మీ కొరకు సిలువ మోయగా మీరు ఒక గంట రాలేరా అని, రాని వారిని పట్టుకొని వచ్చిన వారిని గద్దించితిని. ప్రార్థన ముగిసిన పిమ్మట వారిలో ఒక పెద్దమ్మ మెల్లగా నా దగ్గరకు వచ్చి ఇట్లనినది:

“అయ్యగారూ, కోపం తెచ్చుకోమాకండి. మా కోడలు పొద్దున నాలుగింటికి పోయింది. వచ్చేసరికి ఏడవుద్ది. మీరు ఈ వారం ఏం పాఠం చదువుతారో ముందే చెప్పారనుకోండి, రాత్రికి మా మనవరాలు చదివిపెట్టుద్ది. అదే పొద్దున కాయ కోసుకుంటా చేలో చెప్పుకుంటారు. మీరేమో మా ముందే చదివి, మూటగట్టుకుని ఎల్లిపోతన్నారు.”

నేను మాటలేక నిలిచితిని. “అట్లే చేయుదుము అమ్మా” అని మాత్రము అంటిని. నేను సంఘ సంవత్సరమును గుడిలో జరుగు సంగతిగా తలంచుచుంటిని. ఆమె దానిని ఇంటికి ఇమ్మని అడిగినది. నిర్గమకాండము 12లో కూడ పస్కా గుడిలో జరుగలేదు. అప్పటికి గుడియే లేదు. ఇంటికి ఒక గొఱ్ఱెపిల్ల. పిల్లలు ఈ ఆచారమేమిటని అడిగినప్పుడు చెప్పవలసినవాడు యాజకుడు కాడు, ఇంటి తండ్రి (26, 27 వచనములు). సెమినరీలో చదువుకొనిన నేను చూడనిది ఆ అమ్మ చూచినది.

తరువాతి ఆదివారమునుండి గుడి గోడ మీద నల్లబల్లపై రాబోవు వారపు సువార్త పాఠమును సుద్దతో వ్రాయించితిమి. శుక్రవారపు ఆరాధనను రాత్రి ఎనిమిదిన్నరకు మార్చితిమి. అరగంటకు మించనీయలేదు. ప్రసంగము తగ్గించి పాఠము రెండుసార్లు చదివించితిమి. గొప్ప ఉజ్జీవము కలిగినదని వ్రాయుటకు నాకు ఏమియు లేదు. కొందరు వచ్చిరి, కొందరు అలసి నిద్రపోయిరి. కాని ఐదవ వారమున ఒక స్త్రీ నన్ను అడిగిన ప్రశ్న ఇది: లాజరును లేపిన పిమ్మట యూదుల పెద్దలు ప్రభువును చంపవలెనని ఆలోచించిరి గదా, బ్రతికించినందుకు చంపుట ఏమి న్యాయము? మిరప చేలో నలుగురు ఆ మాట మీద వాదులాడుకొనిరట. మరియొక స్త్రీ, అన్యాయము చేయువారికి మంచి చేయువాడు ఎప్పుడును కంటగింపే యని చెప్పెనట. యోహాను 11వ అధ్యాయమునకు అంతకంటె మంచి వ్యాఖ్యానము నేను చేయలేను.

ఇక్కడ శుభ శుక్రవారపు కూలి సంగతి కూడ చెప్పవలసియున్నది. ఆ దినము ఆఫీసులకు, బడులకు సెలవు. కూలికి సెలవు లేదు. కాయ పండి రాలుచున్నప్పుడు ఆసామి ఆగడు. ఆ దినము పనికి పోవుట పాపమా అని ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు అడుగుదురు. నా అభిప్రాయము ఇది. పిల్లలను ఒంటరిగా పోషించుకొనుచున్న విధవరాలు ఆ దినపు కూలి వదలుకొనలేక చేలోనికి పోయినయెడల, ఆమెను సంఘములో నిలబెట్టి సిగ్గుపరచువాడు ఫరో పక్షమున మాటలాడుచున్నాడు. కాని మనలో ఇప్పుడు ఎకరమో రెండెకరములో స్వంతముగానో కౌలుకో చేసి, కూలివారిని పెట్టుకొను విశ్వాసులు ఉన్నారు. వారిని నేను వేరుగా అడుగుచున్నాను. మీ చేలో ఆ ఒక్క పగలు కోత ఆపగలరు గదా? మీ చేతి క్రింద పని చేయువారికి మూడు గంటల ఆరాధనకు దారి ఇయ్యగలరు గదా? సెలవు అడిగిన పాలేరు మనుమడు నేడు ఆసామియైనప్పుడు, సెలవు ఇచ్చుట నేర్చుకొనవలెను.

ఇప్పుడు ఒక ఆక్షేపణకు రావలెను. ఇతర సంఘములలోని మన సహోదరులు కొందరు, దినములను మాసములను ఆచరించుట పౌలు ఖండించెను గదా అని గలతీ 4:10, కొలస్సయి 2:16 చూపుదురు. ఇది తేలికగా తీసివేయదగిన మాట కాదు. పండుగలు ఆచరించినందున రక్షణ కలుగునని ఎవడైన తలంచినయెడల పౌలు వానికి విరోధియే. అయితే అదే పౌలు పెంతెకొస్తు వరకు ఎఫెసులో నిలిచెదనని వ్రాసెను (1 కొరింథీ 16:8). సాధ్యమైనయెడల పెంతెకొస్తు దినమునకు యెరూషలేములో ఉండవలెనని త్వరపడెను (అపొ. కార్యములు 20:16). దినమును జ్ఞాపకముంచుకొనుట వేరు, దినమునకు దాసుడగుట వేరు. రోమా 14:5, 6 చదివినయెడల ఆయన మనస్సు తేటగా కనబడును: ఆచరించువాడు ప్రభువు కొరకు ఆచరింపవలెను, ఆచరింపనివాడును ప్రభువు కొరకే.

చరిత్రలో కూడ ఈ వాదము కొత్తది కాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మసు, ఈస్టరు మొదలగు పండుగలను రద్దు చేసెను. 1660లో రాజు తిరిగి వచ్చిన పిమ్మట అవి మరల వచ్చినవి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, సంఘ సంవత్సరమును పూర్తిగా ఆచరించు ఆంగ్లికనులును, దానిని అంతగా లెక్కచేయని ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంప్రదాయములవారును, మెథడిస్టులును ఒక్క బల్లయొద్ద కూర్చుండిరి. ఒకరిమీద ఒకరు బలవంతము చేయక, అందరికిని ఒక పాఠక్రమము కలిగియుండుట మేలని వారు కనుగొనిరి.

గలతీ పత్రికను మన మీదికి త్రిప్పినప్పుడు అది మరియొక చోట గట్టిగా తగులును. మనలో ఎందరి ఇండ్లలో ఇంకను వర్జ్యము, రాహుకాలము, దుర్ముహూర్తము చూచుచున్నారు? పెండ్లి ముహూర్తమునకు, ఇంటి శంకుస్థాపనకు, బోరు వేయించుటకు, చాటుగా ఎవరినో అడిగి వచ్చువారు లేరా? మూఢములో శుభకార్యము చేయరాదని భయపడువారు లేరా? గలతీయులు విడిచివచ్చిన బలహీనమైన వాటికి మరల దాసులగుట అనగా ఇదియే. సంఘ సంవత్సరములో వర్జ్యము లేదు. చెడు గడియ లేదు. లోకమంతటిలో అత్యంత భయంకరమైన శుక్రవారమును తీసికొని దానికి శుభ శుక్రవారమని పేరు పెట్టిన జనులము మనము. ఆ మధ్యాహ్నము చీకటి కమ్మినదే. అదియు ప్రభువు చేతిలోనిదే.

ఇంకొక మాట. కొందరు తల్లిదండ్రులు లెంటులో పెండ్లి చేయుటకు జంకుచు, ఆ నలువది దినములలో చేసిన పెండ్లి అచ్చిరాదని చెప్పుచుండగా విన్నాను. సంఘము ఆ దినములలో పెండ్లి సందడి వద్దన్నది ఉపవాస ప్రార్థనలకు మనస్సు నిలుచుటకే గాని, కీడు జరుగునని కాదు. లెంటును క్రైస్తవ మూఢముగా మార్చుకొనుట పండుగలను పూర్తిగా మానివేయుటకంటె కూడ చెడ్డది. అట్టి భయము గల ఇంటిలో గురువులు తప్పక కూర్చుండి మాటలాడవలెను.

పాఠక్రమము వలన ప్రసంగీకులకు కలుగు మేలు కూడ ఒకటి ఉన్నది. నేను పలు సంఘములలో వినుచున్నది గనుక వ్రాయుచున్నాను. ఎవరి ఇష్టము వచ్చిన వాక్యము వారు తీసికొనునప్పుడు, ఆశీర్వాదము, స్వస్థత, అప్పు తీరుట, విదేశీ ప్రయాణము, ఈ నాలుగింటి చుట్టునే ప్రసంగము తిరుగుచుండును. నియమింపబడిన పాఠము మనలను అడుగక వచ్చును. ధనవంతుడు లాజరు కథ వచ్చిన ఆదివారమున, ముందు వరుసలో కానుక ఎక్కువగా ఇచ్చు పెద్దమనుష్యుడు కూర్చుండినను దానినే చదువవలెను. డిసెంబరు 28, హేరోదు చంపించిన పసిపిల్లల జ్ఞాపక దినము. క్రిస్మసు బట్టలు ఇంకను నలుగకముందే, కన్నబిడ్డను పోగొట్టుకొనిన తల్లి ఏడ్పు చదువవలసివచ్చును. పండుగ పూట ఇదేమి అని ఒకరు నాతో అనిరి. ఆ గుడిలోనే అంతకు ముందటి నెలలో బిడ్డను పూడ్చిపెట్టిన తల్లి కూర్చుండియున్నది. ఆమెకు ఆ క్రిస్మసులో చోటు దొరికినది ఆ పాఠములో మాత్రమే.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దొడ్డికి పోవుట మనవారు మానలేదు. సున్నము వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, తూర్పు తెల్లవారువరకు పాడుట ఎవరును చెప్పకయే చేయుచున్నారు. పొరుగువారు దారిలో నిలిచి చూచి, చచ్చినవారి దగ్గర పాట ఏమిటని అడుగుచున్నారు. పిల్లలును అడుగుచున్నారు. నిర్గమకాండము కోరినది ఆ ప్రశ్ననే. అయితే మరుసటి ఆదివారము గుడి ఖాళీ. ఈస్టరు ఒక దినము కాదు, పెంతెకొస్తు వరకు ఏబది దినములు. నలువది దినములు దుఃఖించుటకు నేర్చుకొనిన మనము ఏబది దినములు సంతోషించుటకు నేర్చుకొనలేదు. మే నెల ఎండలో గురువారమున వచ్చు ఆరోహణ పండుగ సంగతి చెప్పనక్కరలేదు. ఆ రాత్రి డాబా మీదనో, వాకిట మంచము మీదనో కూర్చుండి అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయము చదివిన చాలును. ఆకాశము ఎదుటనే ఉండును.

పెంతెకొస్తు తరువాతి ఆదివారములు జూన్ మొదలు నవంబరు వరకు పొడవుగా సాగును. వాటికి పండుగ పేరులు లేవు. విత్తుట, నారు వేయుట, కలుపు తీయుట, మందు కొట్టుట జరుగు నెలలే అవి. గుడిలో కూడ ప్రభువు ఉపమానములు, ఆయన మాటలు, ఆయన నడిచిన దారులు ఒక్కొక్కటిగా వచ్చును. ఉత్సవము లేదని ఈ నెలలలో గుడి మానువారు, కలుపు తీయక కోతకు వచ్చువారివంటివారు.

ఆగమనకాలము నవంబరు 27కు డిసెంబరు 3కు మధ్య వచ్చు ఆదివారమున ఆరంభమగును. సంఘమునకు అదియే సంవత్సరాది. ఈ సంవత్సరము ప్రతి పేట గుడిలోను ఒక నల్లబల్ల ఉంచవలెనని పాస్టరేటు కమిటీలకు నా మనవి. శనివారము సాయంకాలము ఎవరైన బడి పిల్ల దానిమీద తరువాతి వారపు పాఠము వ్రాయవచ్చును. అక్షరములు పెద్దవిగా ఉండవలెను. గుడి లోపల గాక, వీధివైపు గోడకు కట్టవలెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆటో కొరకు నిలుచువారు వీధి దీపపు వెలుగులో దానిని చదువుకొందురు.